అప్ అని ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు: సర్వర్ల హాజరు పట్టీ చదవడం ఎలా?

ఇంటర్మీడియట్ ఫలితాలు ఫలానా రోజు ఉదయం 11 గంటలకు విడుదలవుతాయని ప్రకటన వస్తుంది. గడియారం 11 కొట్టకముందే లక్షల ఫోన్లలో ఒకే చిరునామా తెరుచుకుంటుంది. హాల్‌టికెట్ నంబరు కొట్టి బటన్ నొక్కితే ఒకరికి క్షణంలో మార్కులు కనిపిస్తాయి. పక్కింటి అమ్మాయికి మాత్రం తెల్లటి తెరే మిగులుతుంది. ఆమె మళ్ళీ నొక్కితే వస్తుంది, మూడోసారి నొక్కితే రాదు. ఏసీ తరగతుల తత్కాల్ టికెట్ల కోసం ఉదయం 10 గంటలకు కాచుకుని కూర్చునేవారికీ ఈ అనుభవం కొత్త కాదు.

అలాంటప్పుడు "సర్వర్ డౌన్" అని విసుక్కుంటాం. కానీ ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడంలోనే ఒక ఆధారం ఉంది. ఉన్నది ఒకే సర్వరై, అది పడిపోయి ఉంటే ఎవరికీ ఏమీ రాకూడదు. కొందరికి వస్తూ కొందరికి రావడం లేదంటే, వెనుక చాలా సర్వర్లు ఉన్నాయని, వాటిలో ఏదో ఒకటి చెడిందని, చెడిన సంగతి పని పంచే యంత్రానికి ఇంకా తెలియలేదని అనుమానించవచ్చు. ఆ పంచే యంత్రమే లోడ్ బ్యాలెన్సర్. ఏ సర్వర్ గురించి అది ఏమనుకుంటోందో కమాండ్ లైన్ నుంచి ఒక్క ఆదేశంతో అడిగి తెలుసుకోవచ్చు. అడగడం తేలిక. వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలన్నదే అసలు చిక్కు.

వాకిట్లో నిలబడి పంచే పెద్దమనిషి

మన ఫోను నుంచి వెళ్ళే అభ్యర్థన పెద్ద వెబ్‌సైట్లలో నేరుగా సర్వర్‌ను చేరదు. ముందుగా లోడ్ బ్యాలెన్సర్ దాన్ని అందుకుంటుంది. దాని వెనుక ఒకే పని చేయగలిగిన సర్వర్లు కొన్ని ఉంటాయి. ఆ గుంపును సర్వర్ పూల్ అంటారు. పెళ్ళి భోజనాల దగ్గర వాకిట్లో నిలబడి "మీరు ఆ బంతికి వెళ్ళండి, మీరు ఈ బంతిలో కూర్చోండి" అని పంపే పెద్దమనిషిని గుర్తు తెచ్చుకోండి. ఏ బంతిలో ఖాళీ ఉందో, ఎక్కడ వడ్డన ఆగిపోయిందో ఆయనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే అతిథి ఖాళీ విస్తరి ముందు కూర్చోవలసి వస్తుంది.

మొదట్లో ఈ పెద్దమనిషికి ఆ సంగతులేవీ తెలియవు. మొజాయిక్ బ్రౌజర్ పుట్టిన ఇలినాయ్ విశ్వవిద్యాలయపు ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో వెబ్‌సైటుకు తాకిడి పెరిగి ఒక యంత్రం చాలకుండా పోయింది. ఒకే పేరు వెనుక చాలా యంత్రాలను పెట్టి, డీఎన్‌ఎస్ ద్వారా వాటి చిరునామాలను వంతులవారీగా ఇచ్చే పద్ధతిని అక్కడివారు 1994లో వివరించారు. పద్ధతి చక్కగా పనిచేసింది. అయితే ఒక యంత్రం చచ్చిపోయినా డీఎన్‌ఎస్ దాని చిరునామాను వంతు ప్రకారం ఇస్తూనే ఉండేది. పైగా ఒకసారి ఇచ్చిన చిరునామాను దారిలోని కంప్యూటర్లు కొంతసేపు గుర్తుంచుకుంటాయి కాబట్టి, జాబితా నుంచి తీసేసినా వెంటనే ఫలితం ఉండేది కాదు.

పంచడంతోపాటు సర్వర్లను కనిపెట్టి చూడటం కూడా అవసరమని ఆ తరువాత అందరికీ తెలిసొచ్చింది. 1998లో వెన్సాంగ్ ఝాంగ్ లినక్స్ వర్చువల్ సర్వర్ ప్రాజెక్టును మొదలుపెట్టారు. 2001లో ఫ్రాన్స్‌కు చెందిన విల్లీ టారో హెచ్‌ఏప్రాక్సీని విడుదల చేశారు. రెండూ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. ఈ వ్యాసంలో ఎక్కువగా హెచ్‌ఏప్రాక్సీనే ఉదాహరణగా తీసుకుందాం. దాని జవాబు దాపరికం లేకుండా ఉంటుంది. ఏమి చూసిందో, ఎలా చూసిందో, ఎప్పుడు అభిప్రాయం మార్చుకుందో అన్నీ చెబుతుంది.

ప్రతి రెండు సెకన్లకూ హాజరు

బడిలో టీచరు పేరు పిలిస్తే పిల్లలు "ప్రెజెంట్" అంటారు. లోడ్ బ్యాలెన్సర్ చేసేదీ అదే. పూల్‌లోని ప్రతి సర్వర్‌నూ నిర్ణీత వ్యవధిలో పలకరిస్తుంది. దీన్ని హెల్త్ చెక్ అంటారు. మనం మార్చకుండా వదిలేస్తే హెచ్‌ఏప్రాక్సీ 2 సెకన్లకు ఒకసారి అడుగుతుంది. వరసగా 3 సార్లు జవాబు రాకపోతే సర్వర్ డౌన్ అని రాసుకుంటుంది. డౌన్‌లో ఉన్నది వరసగా 2 సార్లు సరిగా పలికితే మళ్ళీ అప్ అంటుంది.

ఒకసారి పలకకపోతేనే గైర్హాజరు వేసేయకుండా మూడుసార్లు ఎందుకు ఆగడం? చిన్న లెక్క వేద్దాం. నెట్‌వర్క్‌లో చిన్నపాటి చికాకుల వల్ల నూటికి ఒక పలకరింపు కారణం లేకుండానే తప్పిపోతుందనుకోండి. 2 సెకన్లకు ఒకటి చొప్పున రోజుకు 43,200 పలకరింపులు జరుగుతాయి. ఒక్క తప్పుకే డౌన్ అంటే, ఆరోగ్యంగా ఉన్న సర్వర్ రోజుకు 432 సార్లు అన్యాయంగా బయటకు పోతుంది. వరసగా రెండు తప్పిపోవాలంటే అవకాశం పదివేలలో ఒకటి, అంటే రోజుకు సుమారు 4 సార్లు. మూడు కావాలంటే పది లక్షల్లో ఒకటి, అంటే దాదాపు 23 రోజులకు ఒకసారి. తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరుగుతాయన్న ఊహ మీద ఈ లెక్క నిలబడింది. నిజజీవితంలో చికాకులు గుంపులుగా వస్తాయి కాబట్టి ఇంత అందంగా కుదరదు. అయినా మూడో అంకె ఎంత మేలు చేస్తుందో దీనివల్ల అర్థమవుతుంది.

ఆ మేలుకు ధర కూడా ఉంది. నిజంగా చచ్చిపోయిన సర్వర్‌ను గుర్తించడానికి ఆరు సెకన్ల దాకా పడుతుంది. సెకనుకు 3,000 అభ్యర్థనలు వస్తూ, నాలుగు సర్వర్లు సమానంగా పంచుకుంటున్నాయనుకుందాం. ఆ ఆరు సెకన్లలో 4,500 అభ్యర్థనలు చచ్చిన సర్వర్ వైపు వెళతాయి. వాటిని మరో సర్వర్‌కు మళ్ళించే ఏర్పాటు లేకపోతే అందులో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి తెల్లటి తెరే.

తొందరపడితే నిర్దోషికి శిక్ష, ఆలస్యం చేస్తే జనానికి నష్టం. ఇది ఏదో ఒక సాఫ్ట్‌వేర్ లోపం కాదు. అవతలి యంత్రం నుంచి జవాబు రాకపోతే, అది చచ్చిపోయిందా, నెమ్మదిగా ఉందా అన్నది బయటి నుంచి కచ్చితంగా తేల్చలేం. సందేశం ఎంతసేపట్లో చేరుతుందో హామీ లేని వ్యవస్థల్లో, ఒక్క కంప్యూటర్ ఆగిపోయే అవకాశం ఉన్నా, అందరూ ఒక నిర్ణయానికి వచ్చి తీరతారని హామీ ఇచ్చే పద్ధతి ఉండదని ఫిషర్, లించ్, ప్యాటర్సన్ 1985లో గణితపరంగా నిరూపించారు. 1996లో చంద్ర, టూయెగ్ అనే ఇద్దరు పరిశోధకులు మరో అడుగు వేసి, అప్పుడప్పుడూ పొరబడే "వైఫల్య గుర్తింపు యంత్రాల"తో కూడా పని నడిపించవచ్చని, అందుకు అవి ఎంత నమ్మకంగా ఉండాలో లెక్కగట్టి చూపించారు. లోడ్ బ్యాలెన్సర్ హెల్త్ చెక్ అలాంటి ఒక గుర్తింపు యంత్రం. కాబట్టి తెర మీద కనిపించే "అప్" అన్న మాటను ఒక అభిప్రాయంగానే చదవాలి. ఇటీవలి కొన్ని పలకరింపుల మీద ఆధారపడిన అభిప్రాయం అది.

అడగడం ఎలా?

హెచ్‌ఏప్రాక్సీ నడుస్తున్న యంత్రంలో సాకెట్ అనే ప్రత్యేకమైన ఫైలును తెరిచి ఉంచవచ్చు. సాధారణ ఫైలులా కనిపిస్తుంది గానీ నిజానికి అది మాట్లాడుకునే కిటికీ. ఒకవైపు నుంచి ప్రశ్న వేస్తే మరోవైపు నుంచి జవాబు వస్తుంది. టెర్మినల్‌లో "ఎకో" ఆదేశంతో "షో స్టాట్" అన్న రెండు మాటలను పంపి, నిలువు గీత గుర్తుతో వాటిని "సోక్యాట్" అనే చిన్న పనిముట్టుకు అందిస్తారు. సోక్యాట్ ఆ మాటలను సాకెట్‌లో వేసి జవాబు తెచ్చి తెర మీద పెడుతుంది. ఇవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇదే సమాచారం రంగురంగుల వెబ్ పేజీగా కూడా దొరుకుతుంది. మరి నల్లతెర ఎందుకు? నెట్‌వర్క్ ఉక్కిరిబిక్కిరి అవుతున్న రోజున ఆ వెబ్ పేజీ కూడా అదే ఇరుకులోంచి రావాలి. కమాండ్ లైన్ జవాబు కొద్దిపాటి అక్షరాలే కాబట్టి అంత ఇరుకులోనూ దూరి వస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఆ అక్షరాలను వేరే ఆదేశాలకు అందించి వడపోయవచ్చు, లెక్కపెట్టవచ్చు, సమయం వేసి దాచుకోవచ్చు. ఆకుపచ్చ రంగును దాచుకుని మర్నాడు పోల్చి చూసుకోలేం కదా!

జవాబు కామాలతో విడదీసిన పొడవాటి వరసల్లో వస్తుంది. మొదటిసారి చూసినవారికి కళ్ళు తిరుగుతాయి. ఒక్కో సర్వర్‌కు ఒక్కో వరస, ఒక్కో వరసలో పదుల కొద్దీ గడులు. అన్నీ అక్కరలేదు. 1వ గడిలో పూల్ పేరు, 2వ గడిలో సర్వర్ పేరు, 18వ గడిలో స్థితి, 24వ గడిలో ఆ స్థితి మారి ఎన్ని సెకన్లయిందో, 37వ గడిలో చివరి హెల్త్ చెక్ ఫలితం, 44వ గడిలో సర్వర్ ఇచ్చిన 500 శ్రేణి తప్పుల సంఖ్య ఉంటాయి. "కట్" అనే ఆదేశంతో ఈ ఆరింటినే కత్తిరించి తీసుకోవచ్చు. "వాచ్" అనే మరో ఆదేశాన్ని ముందు తగిలిస్తే రెండు సెకన్లకోసారి తనంతట తానే మళ్ళీ అడుగుతూ ఉంటుంది.

మన ఊహాత్మక ఫలితాల వెబ్‌సైటులో, 11 గంటల 5 నిమిషాలకు ఇలా కనిపించిందనుకుందాం. పూల్ పేరును వదిలేసి మిగతా ఐదు గడులు ఇవి:

వెబ్1, అప్, 518400, ఎల్4ఓకే, 212
వెబ్2, అప్ 2/3, 518400, ఎల్4టౌట్, 198
వెబ్3, డౌన్, 95, ఎల్4కాన్, 240
వెబ్4, అప్, 518400, ఎల్4ఓకే, 61873

చాలామంది చూపు ముందుగా వెబ్3 మీద పడుతుంది. డౌన్ అని ఉంది మరి. అది పడిపోయి 95 సెకన్లయింది. ఎల్4కాన్ అంటే తలుపు తట్టగానే "లేదు పొమ్మన్నారు" అని, అంటే కనెక్షన్‌ను నిరాకరించారని లేదా అక్కడికి దారే లేదని అర్థం. బహుశా ఆ ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటుంది. దాన్ని బాగుచేయాలి, సందేహం లేదు. అయితే ఈ క్షణంలో వెబ్3 వల్ల కొత్తగా ఎవరికీ తెల్లటి తెర రావడం లేదు. లోడ్ బ్యాలెన్సర్ దానివైపు ఎవరినీ పంపడం లేదు.

వెబ్2 దగ్గర "2/3" అన్న అంకె అసలు చెప్పుకోదగ్గది. ఇంకా అప్‌లోనే ఉంది గానీ ఒక పలకరింపు తప్పింది, మూడు ప్రాణాల్లో రెండు మిగిలాయి అని చదువుకోవాలి. ఎల్4టౌట్ అంటే తలుపు తట్టినా గడువులోపు ఎవరూ పలకలేదని. తరువాతి రెండు పలకరింపులు కూడా తప్పితే అదీ డౌన్. వెబ్ పేజీలో పసుపు రంగుగా కనిపించి మాయమయ్యే ఈ దశను పట్టుకోవడానికే వాచ్ ఆదేశం పనికొస్తుంది.

జనాన్ని ఏడిపిస్తున్నది మాత్రం వెబ్4. ఆరు రోజులుగా అప్. చెక్ ఫలితం ఓకే. చివరి గడి చూడండి: 61,873 తప్పు జవాబులు. దాని తోటి సర్వర్లు ఇచ్చినవి రెండొందల చిల్లర.

తలుపు తీసింది ఎవరు?

అన్ని తప్పులు చేస్తున్న సర్వర్ హాజరులో ఎలా నెగ్గింది? రహస్యం ఎల్4 అన్న రెండు అక్షరాల్లో ఉంది. ఇది నెట్‌వర్క్ పొరల్లో నాలుగోది, అంటే టీసీపీ కనెక్షన్ కుదిరే పొర. ప్రత్యేకంగా చెప్పకపోతే హెచ్‌ఏప్రాక్సీ చేసేది ఈ పరీక్షే. కనెక్షన్ కుదిరిందా? సరే, ప్రెజెంట్.

లినక్స్‌లో ఈ కనెక్షన్‌ను కుదిర్చేది వెబ్ ప్రోగ్రామ్ కాదు, దాని కింద ఉండే కెర్నెల్. పలకరింపు, బదులు, తిరుగు పలకరింపు అనే మూడు అడుగులనూ కెర్నెలే పూర్తిచేసి, వచ్చినవారిని ఒక వరసలో కూర్చోబెడుతుంది. ప్రోగ్రామ్ తీరిక దొరికినప్పుడు వచ్చి ఆ వరసలోంచి ఒక్కొక్కరిని తీసుకుపోతుంది. అందుకని ప్రోగ్రామ్ పూర్తిగా బిగుసుకుపోయినా, ఆ వరస నిండేదాకా తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది. డాక్టరు గదిలో లేకపోయినా కాంపౌండరు టోకెన్లు ఇస్తూ కూర్చున్నట్టు.

పైపొరలో అడగడమే దీనికి మందు. హెచ్‌టీటీపీ పరీక్ష పెడితే లోడ్ బ్యాలెన్సర్ ఒక పేజీని అడిగి, 200 లేదా 300 శ్రేణి జవాబు వస్తేనే ఓకే అంటుంది. అప్పుడు తెర మీద ఎల్7ఓకే అని కనిపిస్తుంది. 500 వస్తే ఎల్7ఎస్‌టీఎస్ అంటుంది. జవాబులో ఫలానా మాట ఉండి తీరాలని కూడా షరతు పెట్టవచ్చు. పూల్ స్థితి చూసేటప్పుడు మొట్టమొదట గమనించాల్సింది ఈ అంకెనే, 4 ఉందా 7 ఉందా అని. నా మటుకు నేను స్థితి గడి కన్నా ముందు చెక్ గడి చదవడమే మంచిదంటాను. ఏ ప్రశ్నకు వచ్చిన జవాబో తెలియకుండా జవాబు చదివి ఏం లాభం?

ఇంకో రకం వరసా కనిపిస్తుంటుంది, "నో చెక్" అని. ఆ సర్వర్‌కు హెల్త్ చెక్ పెట్టనేలేదని అర్థం. దాన్ని అడిగినవారు లేరు, అయినా జనాన్ని పంపుతూనే ఉంటారు. అలాగే పూల్ మొత్తానికి చివర్లో వచ్చే "బ్యాకెండ్" వరసలో అప్ అని చూసి ఊరట చెందకూడదు. ఒక్క సర్వర్ మిగిలి ఉన్నా ఆ వరస అప్ అనే అంటుంది. ఎన్ని మిగిలాయో 20వ గడి చెబుతుంది.

తప్పు తొందరగా చేసేవాడికే ఎక్కువ పని

వెబ్4 సంగతిలో ఇంకా విచిత్రమైన మలుపు ఉంది. పంచే పద్ధతి వంతులవారీదైతే అభ్యర్థనల్లో నాలుగో వంతు దానికి పోయేది. వెబ్3 పడిపోయాక మూడో వంతు. కానీ చాలా చోట్ల "ఎవరి దగ్గర తక్కువ కనెక్షన్లుంటే వారికి పంపు" అనే పద్ధతిని ఎంచుకుంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఖాళీగా ఉన్నవాడికే కదా పని ఇవ్వాలి.

ఆరోగ్యంగా ఉన్న సర్వర్ ఒక విద్యార్థి మార్కులు వెతికి ఇవ్వడానికి 200 మిల్లీసెకన్లు తీసుకుంటుందనుకోండి. వెబ్4కు డేటాబేస్‌తో సంబంధం తెగిపోయింది. కాబట్టి అది వెతకదు, 5 మిల్లీసెకన్లలో "తప్పు జరిగింది" అని చెప్పి చేతులు దులుపుకుంటుంది. లోడ్ బ్యాలెన్సర్‌కు మాత్రం అది ఎప్పుడూ ఖాళీగా కనిపిస్తుంది. పద్ధతి అన్ని చోట్లా కనెక్షన్ల సంఖ్యను సమానంగా ఉంచడానికి చూస్తుంది కాబట్టి, తాకిడి ఎక్కువగా ఉన్నప్పుడు స్థూలంగా ఒక్కో మంచి సర్వర్ ఒక అభ్యర్థన ముగించే లోపు వెబ్4 నలభైని మింగేస్తుంది. మూడు మంచి సర్వర్లు, ఒక చెడ్డది ఉంటే 43లో 40 చెడ్డదానికే పోతాయి, అంటే నూటికి 93. నాలుగింటిలో మూడు నిక్షేపంగా ఉన్నా, వెబ్‌సైటు దాదాపు చచ్చినట్టే. కమాండ్ లైన్‌లో మాత్రం అంతా అప్!

2017లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు తదితరులు ఇలాంటి వాటికి "గ్రే ఫెయిల్యూర్" అని పేరు పెట్టారు. పూర్తిగా చావని, పూర్తిగా బతికిలేని బూడిదరంగు స్థితి అన్నమాట. వాడుకునేవారికి కనిపించే చెడు, కనిపెట్టేవారికి కనిపించకపోవడమే దీని ముఖ్య లక్షణమని వారు చెప్పారు. రెండు చూపుల మధ్య తేడా ఎక్కడుందో వెతకాలన్నది వారి సూచన. మన ఉదాహరణలో 37వ గడి కనిపెట్టేవారి చూపు, 44వ గడి వాడుకునేవారి చూపు. రెండూ ఒకే వరసలో పక్కపక్కన పెట్టి చూడటంలో ప్రయోజనం అదే. నిజమైన అభ్యర్థనలకు వచ్చే జవాబులను కూడా గమనించి, వరసగా తప్పులు చేస్తున్న సర్వర్‌ను పక్కన పెట్టే ఏర్పాటు హెచ్‌ఏప్రాక్సీలో ఉంది. అయితే దాన్ని మనమే అడిగి పెట్టించుకోవాలి.

లోతుగా అడిగితే వచ్చే తంటా

అయితే ప్రతి హెల్త్ చెక్‌లోనూ డేటాబేస్ దాకా వెళ్ళి చూసి రమ్మంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. అందులోనూ ఒక గొయ్యి ఉంది. నాలుగు సర్వర్లకూ డేటాబేస్ ఒక్కటే. అది ఒక్క పది సెకన్లు నెమ్మదిస్తే నాలుగూ ఒకేసారి హాజరు తప్పుతాయి, నాలుగూ డౌన్ అవుతాయి. డేటాబేస్ అవసరం లేని పేజీలు కూడా ఎవరికీ అందవు. కొంచెం ఆలస్యంగా అందాల్సిన ఫలితం అసలు అందకుండా పోతుంది.

తాకిడి వల్ల వచ్చే గొలుసుకట్టు పతనం కూడా ఇలాంటిదే. ఒక్కో సర్వర్ సెకనుకు 1,000 అభ్యర్థనలు మోయగలదు, వస్తున్నవి 3,000. నాలుగు ఉన్నప్పుడు తలా 750, హాయిగా ఉంది. ఒకటి పోతే తలా 1,000, అంచు దాకా నిండింది. హెల్త్ చెక్ కూడా అదే క్యూలో నిలబడి జవాబు కోసం ఆగాలి కాబట్టి అది ఆలస్యమవుతుంది, గడువు దాటుతుంది, బతికి ఉన్న సర్వరే డౌన్ అని ముద్ర పడుతుంది. మిగిలిన రెండింటికి తలా 1,500. అవీ పడతాయి. పని తగ్గిన సర్వర్లు తేరుకుని రెండుసార్లు సరిగా పలికి నాలుగు సెకన్లలో అప్ అవుతాయి. వెంటనే వరద మీద పడుతుంది, మళ్ళీ డౌన్. కమాండ్ లైన్‌లో దీని ముద్ర స్పష్టంగా ఉంటుంది. 24వ గడిలో అన్ని సర్వర్లకూ చిన్నచిన్న అంకెలే కనిపిస్తాయి. ఎన్నిసార్లు పడిపోయిందో చెప్పే 23వ గడి చూస్తుండగానే పెరుగుతుంది. ఇలాంటప్పుడు ఒక్కో సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తూ పోవడం వృథా ప్రయాస. వచ్చే తాకిడిని తగ్గించాలి, లేదా గడువులను పెంచాలి.

ఈ ప్రమాదం తెలిసే కొందరు రూపకర్తలు విచిత్రమైన నియమం పెట్టారు. 2016లో లిఫ్ట్ సంస్థ బహిరంగంగా విడుదల చేసిన ఎన్‌వాయ్‌లో, ఆరోగ్యంగా ఉన్న సర్వర్లు సగానికన్నా తగ్గితే హెల్త్ చెక్ ఫలితాలను పక్కన పెట్టి అందరికీ పంచేస్తుంది. సగం మంది ఒకేసారి చచ్చిపోయారనడం కన్నా, చూసేవాడి కళ్ళే దెబ్బతిన్నాయనుకోవడం మేలని దాని వెనుక తర్కం. అమెజాన్ వారి అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ కూడా అందరూ అనారోగ్యంగా కనిపిస్తే అందరికీ పంపుతుంది.

వేరే పనిముట్లు, వేరే యాసలు

ఒక్కో పనిముట్టు తన హాజరు పట్టీని ఒక్కోలా రాస్తుంది. లినక్స్ వర్చువల్ సర్వర్‌లో "ఐపీవీఎస్‌అడ్మ్" ఆదేశం ప్రతి సర్వర్‌కూ వెయిట్ ఎంతో, చురుకైన కనెక్షన్లెన్నో చూపుతుంది. అప్, డౌన్ అన్న మాటలే ఉండవు, ఎందుకంటే అది తనంతట తాను ఆరోగ్యం చూడదు. కీప్‌అలైవ్‌డీ లాంటి తోడు ప్రోగ్రామ్ చూసి, చెడిన దాన్ని జాబితా నుంచే తీసేస్తుంది. కాబట్టి అక్కడ ఉన్నవాటిని చదివితే చాలదు, ఉండాల్సినవి ఎన్నో గుర్తుంచుకుని లేనిదాన్ని కనిపెట్టాలి. ఎఫ్5 యంత్రాల్లో "షో ఎల్‌టీఎమ్ పూల్" అని అడిగితే అవైలబుల్, ఆఫ్‌లైన్, అన్‌నోన్ అన్న మాటలు వస్తాయి. పరీక్ష పెట్టని సర్వర్ అన్‌నోన్‌గా ఉంటూనే పని అందుకుంటుంది. హెచ్‌ఏప్రాక్సీ నో చెక్‌కు ఇది అన్న లాంటిది.

లోడ్ బ్యాలెన్సర్లు సాధారణంగా జంటగా ఉంటాయన్నది కూడా మరవకూడదు. రెండూ విడివిడిగా హాజరు తీసుకుంటాయి. ఒకదాని నుంచి వెబ్2కు వెళ్ళే దారి చెడి, రెండోదాని నుంచి బాగుంటే, ఒకచోట డౌన్, మరోచోట అప్ అని కనిపిస్తుంది. రెండింటినీ అడిగి పోల్చాలి.

వెబ్4ను ఏం చేయాలి?

తప్పు జవాబులిస్తున్న సర్వర్‌ను గబుక్కున ఆపేస్తే, అదే సమయంలో దానితో మాట్లాడుతున్నవారి కనెక్షన్లు తెగిపోతాయి. అందుకని ముందు "సెట్ సర్వర్" ఆదేశంతో దాని స్థితిని డ్రైన్‌గా మారుస్తారు. స్థితిని అడగడానికి సాకెట్‌లో మామూలు అనుమతి చాలు, మార్చడానికి మాత్రం అడ్మిన్ స్థాయి అనుమతి కావాలి. డ్రైన్ అంటే కొత్తవారిని పంపకుండా, ఉన్నవారిని ముగించుకోనివ్వడం. 5వ గడిలో ప్రస్తుత కనెక్షన్ల సంఖ్య ఉంటుంది. అది తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వచ్చేదాకా ఆగి, అప్పుడు మెయింట్‌లో పెడతారు. డ్రైన్‌లో హెల్త్ చెక్ కొనసాగుతుంది, మెయింట్‌లో అదీ ఆగుతుంది.

డేటాబేస్ సంబంధాన్ని సరిచేసి ప్రోగ్రామ్‌ను మళ్ళీ మొదలుపెట్టాక, లోడ్ బ్యాలెన్సర్ ప్రమేయం లేకుండా "కర్ల్" ఆదేశంతో నేరుగా వెబ్4 చిరునామాకే ఒక నిజమైన ప్రశ్న వేయాలి. మొదటి పేజీ వస్తే సరిపోదు, ముందే తెలిసిన ఒక హాల్‌టికెట్ నంబరుకు సరైన మార్కులు రావాలి. వచ్చాకే "రెడీ" ఆదేశం. ముందుగా స్లోస్టార్ట్ అమర్చి ఉంచితే, తిరిగి వచ్చిన సర్వర్‌కు ఒక్కసారిగా పూర్తి వాటా ఇవ్వకుండా మెల్లమెల్లగా పెంచుతారు. ఆ కొద్ది నిమిషాలూ 37వ గడి ఎలాగూ ఓకే అంటుంది. చూడాల్సింది 44వ గడిని. అక్కడి అంకె కొత్తగా పెరగకపోతే వెబ్4ను పూల్‌లో ఉండనివ్వవచ్చు. పెరగడం మొదలైతే మళ్ళీ డ్రైనే.